వేను ఎక్కని ఆడోళ్లు

కూర్మమ్మని గేటు దగ్గరే ఆపేశారు. వెనకాలే వచ్చి ఆగిన వేనులోంచి అమ్మడు అంతా చూసింది.

"బస్సులో వొచ్చినాను బాబూ. టయానికే వొచ్చినాను గదా," అంటోంది కూర్మమ్మ.

వాచ్‌మన్ ఆమె మొహంకేసి చూడలేదు. "వేనులో దిగినోళ్లకే లోపల పని. కంట్రాక్టరు గారి మాట. నన్నడిగితే నానేటి సెప్తాను?"

అది రొయ్యల ఫ్యాక్టరీ. సముద్రం ఒడ్డు పల్లెల ఆడవాళ్లు పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలుస్తారు. వాళ్లని పనికి కుదిర్చేది కంట్రాక్టరు సీతారామారావు. తోలుకొచ్చే వేన్లూ ఆయనవే. వారంలో ఒక రోజు కూలి వేను కిరాయికే పోతుంది. ఎక్కినా పోతుంది, జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నా పోతుంది. ఆడవాళ్లు బస్సులో టిక్కెట్టు కొనక్కర్లేదని సర్కారు అన్నాక, వేను పూర్తిగా మానేస్తే ఆ ఒక్క రోజు కూలీ మిగులుతుందనుకుంది కూర్మమ్మ. వేటకెళ్లి నడుం విరగ్గొట్టుకున్న మొగుడున్నాడు ఇంట్లో. మందులు కొనాలి.

కూర్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది. వేనులో ఉన్నవాళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. అమ్మడూ విప్పలేదు.

ఆదివారం వలలు బాగుచేసుకునే పాకలో అందరూ కూడారు. పిలిచింది హేమ. డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క, వాళ్లతోపాటే రొయ్యలు ఒలుస్తున్న పిల్ల.

"ఒక్కలం ఎల్తే కూర్మమ్మత్తని తోలేసినట్టే తోలేస్తారు. అందరం బస్సులోనే ఎల్దాం. అప్పుడెవుర్ని తోలేస్తారో సూద్దాం."

అందరిలోకీ పెద్దది లక్ష్మణమ్మ. ఆమె ఒప్పుకోలేదు. "పనిచ్చినోడితో పేచీ యేటే గుంటా? ఆడికి మనం కాపోతే ఇంకో ఊరోళ్లు. మనకి ఆడు కాపోతే యెవుడున్నాడు?"

"ఆడు మనకి పనెడతన్నాడా, మన కూలి తింటన్నాడా?" అంది హేమ.

పాక గుంజకి ఆనుకుని నిలబడ్డ గంగులు అప్పుడు నోరు తెరిచాడు. వేను డ్రైవరతను. అమ్మడికి మరిది. "వొదినా, మీరందరూ బస్సెక్కేస్తే నా వేనెవురెక్కుతారు? నా పిల్లలకి గంజి నువ్వు పోస్తావేటి?"

ఆ పిల్లలు అమ్మడి చేతుల్లో పెరిగినవాళ్లే. అమ్మడు అతని దగ్గరకెళ్లి అంది: "నీ కడుపు కొట్టాలని కాదురా గంగులూ. నీ జీతం మా కూల్లోంచే ఇస్తన్నాడు ఆడు. తన జేబులోంచి తీసిచ్చినాడేటి ఎప్పుడన్నా?"

గంగులు తలొంచుకుని వెళ్లిపోయాడు.

సోమవారం ఊరి ఆడవాళ్లంతా బస్సెక్కారు. సణుగుతూనే లక్ష్మణమ్మా ఎక్కింది. "ఏటి తల్లీ, పెళ్లివోరేటి?" అన్నాడు కండక్టరు. నవ్వుకున్నారు. హైవే మీద దిగి ఫ్యాక్టరీ దాకా మాటాడుకుంటూ నడిచారు. గేటు మూసి ఉంది. ముందే అనుకున్నారు గనక గేటు ముందే కూర్చున్నారు.

రొయ్యల లారీలొచ్చి వరసగా ఆగాయి. ఎండెక్కింది. ఐసు కరిగి లారీల కిందనించి నీళ్లు కారుతున్నాయి. సీతారామారావు కారు దిగి అరిచాడు: "ఎవత్తె నేర్పింది మీకిది?"

హేమ లేవబోయింది. ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టింది అమ్మడు. "ఎవులూ నేర్పలేదు బాబూ. మాకే తోసింది." ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానమొచ్చింది.

సరుకు పాడైపోతోందని మేనేజరు లోపలినించి కబురు పంపాడు. గేటు తెరిచారు. ఆ వారం కూలీలో వేను కిరాయి కొయ్యలేదు. కూర్మమ్మ మొగుడికి మందులొచ్చాయి.

గెలిచామనుకున్నారు. ఎన్నాళ్లో నిలవలేదు. ఒక పొద్దున్న బస్సు రాలేదు. మర్నాడూ రాలేదు. అందరూ కలిసి బస్సు డిపోకి వెళ్లారు.

"మీ ఊరి రోడ్డు బాగోలేదు. సర్వీసు ఎత్తేశారు," అన్నాడు బల్ల వెనక కూర్చున్నాయన.

"మొన్నటిదాకా అదే రోడ్డు కదా సార్?" అంది హేమ.

"పైనుంచి వచ్చింది." ఆయన వేలు పైకి చూపించాడు. పైన ఫ్యాను తిరుగుతోంది.

ఎవరు ఎవరికి చెప్పారో, ఏం ముట్టచెప్పారో, నిరూపించే దారి లేదు. చీకట్నే లేచి హైవే దాకా నడిచారు. ఎంత నడిచినా ఆలస్యమే. ఆలస్యమైతే పని లేదు. ఆటోకి పెట్టాలంటే వేను కిరాయే నయం. కొందరు తల దించుకుని మళ్లీ వేనెక్కారు. కూర్మమ్మా ఎక్కింది. ఆమెనెవరూ ఏమీ అనలేదు. మిగిలినవాళ్లు ఇక గతిలేక ఎక్కబోయేసరికి ఆ వేను వాళ్ల ఊరు రావడం మానేసింది. మెట్టవైపు పల్లెల నుంచి కొత్త ఆడవాళ్లని తెస్తున్నాడు సీతారామారావు.

ఇళ్లలో పొయ్యి ఒక పూటే వెలుగుతోంది. ఏం చెయ్యాలో హేమకీ తోచలేదు. చివరికి ఒకరోజు పొద్దున్న అందరూ వెళ్లి ఫ్యాక్టరీ దారికి అడ్డంగా కూర్చున్నారు.

వేను వచ్చి ఆగింది. "లేవండి వొదినా," అన్నాడు గంగులు.

"లేవం," అంది అమ్మడు. కడుపు మంటతో లేచి నాలుగు తిట్టాలనే కిటికీ దగ్గరకెళ్లింది. లోపల ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నారు ఆడవాళ్లు. అందులో ఒకామె, "మా ఊరికి బస్సే లేదప్పా. మేమేటి సేసేది?" అంది.

అమ్మడి నోటిదాకా వచ్చిన తిట్టు ఆగిపోయింది. "మీకూ కిరాయి కోస్తన్నాడా?"

"దూరమని ఇంకా ఎక్కువ కోస్తన్నాడు."

ఇంతలో పోలీసు జీపు వచ్చింది. "రోడ్డు ఆపడం నేరం," అన్నాడు ఎస్సై.

"మరి బస్సు ఆపినోళ్లది నేరం కాదా బాబూ?" అడిగింది లక్ష్మణమ్మ. అమ్మడినీ హేమనీ జీపెక్కించారు. మిగిలినవాళ్లని లాఠీలతో పక్కకి నెట్టారు.

"తియ్యరా వేను," అన్నాడు ఎస్సై.

గంగులు తాళం జేబులో వేసుకున్నాడు. "నాను తియ్యను సార్," అని దిగిపోయాడు. చెంప మీద దెబ్బ పడింది. జేబులోంచి తాళం లాక్కున్నారు. ఎవడో కానిస్టేబులు వచ్చి వేను తోలాడు. లోపలున్నవాళ్లు తల తిప్పుకుని కూర్చున్నారు. మాకూ పిల్లలున్నారని ఎవరో అన్నారు. కదులుతున్న వేనులోంచి ఒకే ఒక్కామె దూకింది, ఇందాక అమ్మడితో మాట్లాడినామె. పేరు కూడా తెలీదు.

జీపు కిటికీ ఇనప వల సందుల్లోంచి అమ్మడు చూస్తూనే ఉంది. కూలి పోయింది. బస్సు పోయింది. గంగులు పనీ పోయింది. ఇంటి దగ్గర పిల్లలకి ఎవరు వండుతారో తెలీదు. పక్కన హేమ ఏడుస్తోంది. ఆ పిల్లని దగ్గరికి లాక్కుంది అమ్మడు.

వెనకాల ఆడవాళ్లు లేచి చీరలు దులుపుకుంటున్నారు. ముందు లక్ష్మణమ్మ, ఆమె పక్కన ఆ పేరు తెలియనామె, కొంచెం ఎడంగా గంగులు. గుంతల దారిలో మెల్లగా పోతున్న జీపు వెనకే జంక్షన్ దాకా నడిచి వచ్చారు. అక్కడ ఊరి దారి ఎడమవైపు, బస్సు డిపో దారి కుడివైపు.

ఒక్కరూ ఎడమవైపు తిరగలేదు.