ఉమ్మితొట్టి సాక్ష్యం

నాలుకయ్య అసలు పేరు అతని పెళ్లాం కూడా మరిచిపోయింది. సారా కంపెనీలో రుచి చూసే ఉద్యోగం అతనిది. చెబితే నమ్మరు గానీ, పక్కింటి కూరలో ఉప్పు చాలలేదని తన గుమ్మంలో నిలబడే చెప్పేవాడు. కళ్లకు గంతలు కట్టినా సరే, ఏ పీపాలో సరుకు ఎండాకాలంలో పోసిందో, ఏది వానల్లో పోసిందో విడదీసేవాడు. అబద్ధమనిపిస్తే కంపెనీ వాళ్లనే అడగండి. ఇప్పుడు కోర్టులో వాళ్లు చెప్పే అబద్ధాలకంటే ఇదే నయం.

కంపెనీలో పొద్దున్నే గ్లాసులు వరసగా పెట్టేవాళ్లు. నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కనున్న తొట్టిలో ఉమ్మెయ్యాలి. అదీ పద్ధతి. అయితే మేనేజరు వచ్చి, "నాలుక సంగతి సరేనయ్యా, గొంతులో ఎలా దిగుతోంది?" అని అడిగేవాడు. ఎలా దిగుతోందో చెప్పాలంటే దింపాలి కదా! అక్కడ దింపీ దింపీ నాలుకయ్య ఇంట్లో కూడా దింపడం మొదలుపెట్టాడు. చివరికి చేతిలో గ్లాసు నిలవనంత వణుకు పట్టుకుంటే, ఇక రావద్దన్నారు. కళ్లు పచ్చబడ్డాయి. మళ్లీ తాగుడు మొదలుపెడితే మనిషి దక్కడని డాక్టరు తేల్చేశాడు.

అప్పట్నుంచీ పెళ్లాం అతన్ని కంటికి రెప్పలా కాసింది. గుమ్మానికి అడ్డంగా పక్క వేసుకుని పడుకునేది. అతను ఏడ్చినా, తిట్టినా, కాళ్ల మీద పడినా కదిలేది కాదు. అలా ఏడాదిగా చుక్క ముట్టకుండా నిలబెట్టింది. "నా మొగుణ్ని తాగుబోతును చేసింది కంపెనీయే" అని కోర్టుకెక్కింది కూడా ఆమే. కోడలి నోటి దురుసుకే తన కొడుకు తాగుడు మరిగాడని అత్తగారు ఇల్లిల్లూ తిరిగి చెబుతోంది మరి. తప్పెవరిదో జడ్జిగారి నోటితోనే అనిపించాలని ఆమె పంతం.

విచారణ రోజు కోర్టులో కంపెనీ లాయరు నవ్వుతూ లేచాడు.

"అయ్యా, మేం ఉమ్మమన్నాం. ఆయన మింగాడు. తొట్టి ఇచ్చినవాళ్లదా తప్పు?"

హాల్లో కిసుక్కున నవ్వారు.

"మింగకుండా ఉండటం తన వల్ల కాదంటున్నాడు. సరే, ఇక్కడే ఒక్క గుక్క నోట్లో పోసుకుని ఉమ్మమనండి. ఉమ్మితే, ఇన్నాళ్లూ తాగింది తన ఇష్టంతోనే అని తేలిపోతుంది."

అంటూనే సంచిలోంచి సీసా, గ్లాసు, తొట్టి తీసి బల్ల మీద పెట్టాడు. నాలుకయ్య తరఫు లాయరు ఇదేం దారుణమని అరిచాడు. జడ్జిగారు కళ్లద్దాలు సవరించుకుని, "బలవంతమేం లేదు. ఆయన ఇష్ట..." అంటుండగానే, "చేస్తానండీ" అన్నాడు నాలుకయ్య.

ఆ తొందర చూసి పెళ్లాం బెంచీ మీంచి లేచింది.

"వద్దయ్యా! కేసు పోతే పోనీ. ఇంటికి పోదాం, రా."

"ఉండవే. ఉమ్మడమేగా!"

గ్లాసెత్తి నోట్లో పోసుకున్నాడు. బుగ్గలు పొంగాయి. "బూర ఊదేవాడిలా ఉన్నాడ్రోయ్!" అన్నాడు వెనక బెంచీలో ఎవడో. ఉమ్మితే కేసు పోతుంది. మింగితే మనిషి పోతాడు. ఆమెకు కేసు ఎప్పుడో గుర్తు లేకుండా పోయింది.

"ఉమ్మెయ్యయ్యా, నీకు దణ్ణం పెడతాను!"

నాలుకయ్య ఆమెకేసి చూశాడు. తొట్టి మీదికి వంగాడు. కళ్లలోంచి నీళ్లు జారి తొట్టిలో పడ్డాయి. ఉమ్మాలనే అతను నిజంగా చూస్తున్నాడని ఆమెకు తెలుసు. పెదాలు విడబోయి, మళ్లీ బిగుసుకున్నాయి. గొంతుముడి పైకి లేచి కిందికి దిగింది.

జడ్జిగారు ఏదో రాసుకుంటున్నారు. తమ లాయరు ఆమె వైపు వంగి, "గెలిచినట్టేనమ్మా! ఎంత తెలివిగా మింగాడు మీ ఆయన!" అన్నాడు గుసగుసగా.

ఆమె వినలేదు. మొగుడి చేతినే చూస్తోంది. కంపెనీ లాయరు ముఖం మాడ్చుకుని సీసాకు మూత పెట్టబోతుంటే, నాలుకయ్య మెల్లిగా దాన్ని తన వైపు లాక్కున్నాడు.

"ఇంకోసారి చూపించమంటారా, బాబూ?" అన్నాడు ఎంతో మర్యాదగా.

జవాబు కోసం ఆగలేదు. ఆమె బెంచీలు తోసుకుంటూ బల్ల దగ్గరికి చేరేసరికి గ్లాసు ఖాళీ అయింది.