డార్క్‌రూమ్ లీలాబాయి

లీలాబాయి ట్రేలు కడుగుతోంది. అంచులు పసుపెక్కిన ప్లాస్టిక్ ట్రేలు. వాటిలో మందునీళ్ళు పోసి చాలా కాలమైంది. అయినా పొద్దున దుకాణం తీయగానే ఆమె చేతులు అటే పోతాయి. కడిగి బోర్లించింది. మళ్ళీ తీసి కడిగింది. తుడిచిన మేజానే ఇంకోసారి తుడిచింది.

బక్కపలచటి మనిషి. చీకట్లో వంగి వంగి వీపు గూనిదేరింది. ఫోటోలు కడిగే మందు మరక పట్టి గోళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. నాందేడ్ స్టేషన్ రోడ్డులో ఫోటోలు తీసే దిగంబర్ అంటే అందరికీ తెలుసు. ఆయన తీసిన రీళ్ళను చీకట్లో కడిగి, ఎర్రబల్బు కింద కాగితం మీద బొమ్మ తేల్చేది ఆయన భార్య అని ఎవరికీ తెలియదు. బజారులో ఎదురయ్యే సగంమంది ముఖాలు ఆమెకు పరిచయమే. నీళ్ళలో మెల్లగా కళ్ళు, ముక్కు, మీసం తేలుతుండగా చూసిన ముఖాలు. వాళ్ళు మాత్రం ఆమెను ఎరగరు.

ఊరంతా ఫోన్లలోనే ఫోటోలు దిగడం మొదలయ్యాక రీళ్ళు రావడం ఆగిపోయింది. మేనల్లుడు సుమిత్ పుణేలో ఉద్యోగానికి పోతూ తన డిజిటల్ కెమెరా, కంప్యూటర్ దుకాణంలో వదిలి వెళ్ళాడు. దిగంబర్ వాటిని ముట్టలేదు. “అది దానంతటదే తీస్తది. ఇగ మనిషెందుకు?” అని గల్లా దగ్గర పేపరు పట్టుకుని కూర్చున్నాడు. చివరికి లీలాబాయే నేర్చుకుంది. వెలుతురులో నిలబడి, ఎదుటి మనిషిని సూటిగా చూసి మొదటి ఫోటో తీసిన నాటినుంచి ఆమెకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే గుమ్మం దాటాలనిపిస్తుంది.

ఎండ ముదరక ముందే అనుసూయాబాయి వచ్చింది. కిన్వట్ పక్కన గోకుందలో ఆడపిల్లల హాస్టల్ చూసుకునే మనిషి.

“పిల్లలకు కార్డు ఫోటోలు కావాలె అన్నా. రేపే కంప్యూటర్ల ఎక్కియ్యాలె. పోయినసారి అచ్చినాయన గద్దిస్తే అందరు బెదిరిన మొకాలు పెట్టిన్రు.”

దిగంబర్ మోకాలు నిమురుకున్నాడు. “నాతోని రైలెక్కుడు కాదు బాయీ.”

“నేనొస్త,” అంది లీలాబాయి.

ఆయన పేపరు దించాడు. “బయట ఎన్నడన్న కెమెరా పట్టినవా? ఎండ ఎట్ల కొడ్తదో, నీడ ఎట్ల పడ్తదో నీకేమెర్క?”

“మీరు తీసిన ఎండ, నీడ నేనే గదా కడిగింది.”

ఆయన పేపరు మళ్ళీ పైకెత్తాడు. అనుసూయాబాయి స్టేషన్‌లో కలుస్తానని వెళ్ళిపోయింది. లీలాబాయి డిజిటల్ కెమెరాలో బ్యాటరీ పెట్టి చూసింది, తీసింది, మళ్ళీ పెట్టింది. సంచిలో రెండు చీరలు సర్దింది.

“రెండు చీరలెందుకు?”

“అటుదిక్కు ఇంకా హాస్టళ్ళున్నయట. తీయమంటే తీసే వస్త.”

ఆమె మెట్టు దిగబోతుండగా దిగంబర్ “ఆగు” అన్నాడు. కుంటుకుంటూ లోపలికి పోయి తోలు సంచిలోంచి తన పాత కెమెరా తీసుకొచ్చాడు. పెళ్ళికి ముందు కొన్నది. ఇన్నేళ్ళలో దుమ్ము తుడవడానికైనా ఆమెను ముట్టనివ్వలేదు. ఇప్పుడు రెండు చేతులతో చాచి పట్టుకున్నాడు.

“ఇది తీస్కపో. ఇది మొకాన్ని మోసం చెయ్యది.”

అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. కంటికి ఆనించుకుని వేళ్ళతో తిప్పింది. మసకగా ఉన్న ఆయన ముఖం తేటపడింది. నెరిసిన గడ్డం, అదురుతున్న కింది పెదవి. ఇంత సేపు ఆయన్ను ఆమె ఎప్పుడూ చూడలేదు.

“ఇండ్ల రీలు లేదు,” అంది మెల్లగా.

“కిన్వట్ల దొర్కుతదేమో.”

దొరకదని ఇద్దరికీ తెలుసు.

“కార్డులు రేపే కావాలెనట,” అంది.

“ఔ గదా,” అన్నాడాయన. “జర పైలం.”

ఆమె కెమెరాను గల్లా మీద పెట్టింది. డిజిటల్ కెమెరా, చీరల సంచి భుజాన వేసుకుని, ఆటోను చేయెత్తి ఆపి ఎక్కింది. ఆటో మలుపు తిరిగేదాకా దిగంబర్ గుమ్మంలోనే ఉన్నాడు. తర్వాత వచ్చి కూర్చున్నాడు, పేపరు తెరవలేదు. ఎదురుగా కెమెరా ఉంది. దాని నల్లటి వీపు మీద ఆమె అరచేతి చెమట ఇంకా ఆరలేదు.