పల్చని రింగు

పటాన్‌చెరులో ముప్పై ఏళ్లుగా లేత్ మీద పని చేస్తున్న టర్నర్‌ని నేను. ఇంద్రజ రెండేళ్లుగా నా పక్క మిషన్ మీద కాంట్రాక్టు కింద చేసేది. పని నేర్పే ఉస్తాద్‌ని నేనే. ఆమె చెయ్యి, అక్కడే కాంట్రాక్టు కింద చేసే నా అల్లుడు విఘ్నేశ్వర్ చేతి కంటే మంచిది. నా కడుపుమంటంతా అదే.

పర్మనెంట్ పోస్టు ఒక్కటే వచ్చింది, ఇద్దరికీ టెస్టు పెట్టారు. పల్చని ఉక్కు రింగులో లోపలి రంధ్రం గుండ్రంగా కొయ్యాలి. లేత్‌కుండే చక్ అనే పట్టు రింగును మూడు దవడలతో మూడు వైపుల నుంచి పట్టుకుంటుంది. గట్టిగా బిగిస్తే పైన పడ్డ బలం లోహమంతా పాకి రింగు కంటికి కనపడనంతగా వంగుతుంది. అలాగే కోస్తే చక్‌లో ఉన్నంతసేపూ రంధ్రం గుండ్రంగానే ఉంటుంది. వదలగానే రింగు తన ఆకారానికి తిరిగొస్తుంది, రంధ్రం మూడు మూలలుగా మారుతుంది. అందుకే చివరి కోతకు ముందు చక్ వదులు చేసి, మళ్లీ మెల్లగా పట్టించాలి. ఈ కిటుకు విఘ్నేశ్వర్‌కి చెప్పాను. ఇంద్రజకు రెండేళ్లూ లావుపాటి షాఫ్టులే ఇచ్చాను, పల్చని పని తాకనివ్వలేదు.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. టెస్టు రోజున ఆమె అడిగింది కూడా, ఎంత బిగించాలని.

"గట్టిగ బిగియ్యి బిడ్డా. జారితే పానం మీదికొస్తది," అన్నాను.

చక్ బిగించే తాళంచెవి పిడికి పైపు తొడిగి, ఒంటి బరువంతా వేసి బిగించింది. కోసి, చక్‌లో ఉండగానే గుండ్రం సరిచూసే డయల్ పెట్టి చూసింది. ముల్లు కదల్లేదు. నా వైపు చూసి నవ్వింది. సిగ్గు లేకుండా నేనూ నవ్వాను.

ఇంజనీరు సూర్యారావు రింగు విప్పించి బల్ల మీద కొలిచి, పనికిరాదని తుక్కులో వేశాడు. ఆమె దాన్ని తీసుకుని మళ్లీ కొలిచింది, మళ్లీ మళ్లీ కొలిచింది. విఘ్నేశ్వర్ పాసయ్యాడు.

షిఫ్టు దిగాక నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకుని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

"నా చెయ్యే మంచిగ లేదా ఉస్తాద్? నిజం చెప్పున్రి," అంది.

ఆ క్షణాన నోరు విప్పి ఉంటే సరిపోయేది. విప్పాను కూడా.

"గీ పని అందరికి రాదు బిడ్డా."

ఆమె తలూపింది. మర్నాడు ప్యాకింగ్‌లోకి మార్చమని తనే అర్జీ పెట్టుకుంది. పోయేముందు, తన జీతంతో కొనుక్కున్న, కొలతలు తీసే వెర్నియర్‌ను నూనె గుడ్డతో తుడిచి, మీ అల్లుడికి పనికొస్తుందంటూ నా చేతిలో పెట్టింది. తీసుకున్నాను.