తాడు శుభ్రమేనా

తప్పులుంటే మన్నించాలి. నేను రాయడం నేర్చుకున్నది యాభై దాటాక. ఒక పేజీకి నాకు ఒక పొద్దు పడుతుంది. ముందు పడాల్సిన అక్షరం వెనక పడుతుంది, చెరిపి మళ్ళీ రాస్తాను, కాగితం చిరుగుతుంది. ఇందులో ఉన్నది చాలావరకు కెజయా తన చివరి చలికాలంలో మంచం మీద నుంచి చెప్పినది, కొంత ఊరు ఊరంతా చూసినది. ఒక్క మాట మాత్రం ఇందులో ఎక్కడా రాయను. రాయడం రాక కాదు.

ఆ ఏడు మార్చి నెలలో ఎనిమిది రోజులపాటు స్కెల్‌విక్ రేవులో పడవ కదల్లేదు. ఈశాన్యపు గాలి ఒకటే పోటు. మగవాళ్ళు గోడల చాటున నిలబడి పొగ తాగుతూ, ఆకాశాన్ని తిడుతూ గడిపారు. ఆ రోజుల్లోనే ఊళ్ళోకి మేష్టారు దిగాడు. పేరు పెండ్రెడ్. ముప్పై నిండని మనిషి, సన్నగా, చలికి ఎర్రబడ్డ చెవులతో. అతని తోలు సంచిలో వెయ్యికి పైగా ప్రశ్నలున్న పుస్తకం ఒకటుంది. ఇంగ్లండులో ఊరూరా తిరిగి, దేన్ని ఏమంటారో ముసలివాళ్ళని అడిగి రాసుకోవడం అతని ఉద్యోగం. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, నోట్లో ఇంకా పళ్ళున్న ముసలాయన కావాలని అడిగాడు. అందరూ ఎజ్రా ఇంటివైపు చెయ్యి చూపించారు. ఎజ్రాకి ఉన్నవి నాలుగు పళ్ళే. నోరు మాత్రం నలుగురి పెట్టు.

ఎజ్రాకి ఇద్దరు కొడుకులు, రూబెన్, జేబెజ్. ఇద్దరిదీ ఒకే పడవ. పెద్దవాడు రూబెన్ పెళ్ళామే కెజయా. ముసలాయన వీళ్ళతోనే ఉండేవాడు. గోడ అవతలి ఇల్లు జేబెజ్‌ది.

కెజయా వంటింట్లో ఐదు రోజులు మాటల తిరనాళ్ళు జరిగినట్టే ఉంది. మేష్టారు బల్లకి ఒకవైపు, ముసలాయన రెండోవైపు. పొయ్యి దగ్గర ఎత్తుపీట మీద కెజయా, ఒడిలో ఆల్చిప్పలు, చేతిలో చాకు.

"రెండిళ్ళ మధ్య ఇరుకు సందుని ఏమంటారు తాతగారూ?"

"జినెల్ అంటాం. ఇంకేటంటాం?"

"డర్హంలో దాన్ని చేర్ అంటారు. దక్షిణాన సస్సెక్స్‌లోనైతే ట్విటెన్."

"ట్విటెనా?" ఎజ్రా బల్ల చరిచాడు. "పిట్ట తుమ్మినట్టుంది గదరా బావూ! ఆ సందులో మనుషులే నడుత్తారా?"

"వేలిలో దిగిన పుల్లముక్కని?"

"స్పెల్."

"టైన్ నది దాటితే స్పెల్క్. పని దగ్గరికి కట్టుకెళ్ళే తిండిని నాటింగ్‌హం గనుల్లో స్నాప్ అంటారు, కార్న్‌వాల్‌లో క్రిబ్ అంటారు. డర్హం గనుల్లోనైతే బెయిట్."

"బెయిటా? అంటే ఎరే గదా!" ముసలాయన కోడలివైపు తిరిగాడు. "ఇన్నావా అమ్మా? ఆళ్ళు ఎర తింటారంట. మరి ఆళ్ళని పైకి లాగేవోడెవడో!"

కెజయా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా రోజులైంది.

మూడోరోజు మేష్టారు పుస్తకం మూసి ఆమెవైపు తిరిగాడు. "అమ్మా, మీరు చేస్తున్న ఆ పనిని ఏమంటారు?"

"దీన్నా? చిప్ప తెరిచి కండ తియ్యడాన్నా? స్కేనింగ్ అంటాం. అదీ రాత్తారా?"

"రాస్తాను. ఇంతవరకూ ఎవరూ రాయని మాట ఇది. ఇదిగో చూడండి, ఇది మీది."

ఆమె చేతులు ఎప్రానుకి తుడుచుకుని వంగి చూసింది. ఏడేళ్ళ వయసులోనే తల్లి ఆమెను బడి మాన్పించి ఎర గుచ్చడానికి కూర్చోబెట్టింది. పెళ్ళినాడు ప్రార్థన మందిరంలో సంతకం చోట గీత పెట్టింది. తన నోటిలోంచి వచ్చినది కాగితం మీద నిలబడటం ఆమె ఎరగదు. ఆరోజు సాయంత్రం రూబెన్‌కి తిండి వడ్డించడం మరిచిపోయి ఆ సంగతే రెండుసార్లు చెప్పింది.

"రాణీగారికి చూపిత్తారేటి నీ ఆల్చిప్పల మాట?" అని రూబెన్ ఎగతాళి చేశాడు. "ఆ రొట్టె ఇటు తోయే ముందు."

ఐదోరోజు పొద్దున గాలి పడిపోయింది. రేపు పడవలు దిగుతాయని రేవంతా తెలిసిపోయింది. మేష్టారికి రెండు గంటల బస్సు. మిగిలిన పేజీల్లో రైతు ఇంటి జంతువులున్నాయి. ఆవు, గొర్రె దాటి తర్వాతి ప్రశ్న చదవబోతుంటే, బొమ్మ చూసి ఎజ్రా లేచాడు.

"మాది ఉప్పునీళ్ళ ఊరు మేష్టారూ. దాని సంగతి కొండెక్కి రైతుని అడుగు." టోపీ తలకి తగిలించుకుని రేవుకి వెళ్ళిపోయాడు.

మా ఒడ్డున ఆ జంతువు పేరు నోట రాకూడదు. బురదలో పొర్లేది, ముట్టెతో నేల తవ్వేది. దాని తొడ ఉప్పులో ఊరేసి పొయ్యి పైన వేలాడదీస్తాం, ముక్కలు కోసి పొద్దున్నే వేయించుకుంటాం. తినొచ్చు, పిలవకూడదు. తప్పనిసరైతే 'ఆ వస్తువు' అంటాం. చేపల కోసం సముద్రంలో వేసే గాలాల తాడుకి ఇంట్లో ఎర గుచ్చేది ఆడవాళ్ళే. అలా గుచ్చిన తాడు దగ్గర ఆ పేరు వినబడితే గుచ్చిన ఎరంతా ఊడదీయాలి, గాలాలు మంచినీళ్ళలో కడగాలి, ఆ పూటకి పడవ దిగకూడదు. అందుకే తాడున్న తట్ట ఎత్తుకునే ముందు మగవాడు గడపలో నిలబడి అడుగుతాడు, "తాడు శుభ్రమేనా?" అని. ఆడది "శుభ్రమే" అంటుంది. కాదంటే తట్ట దించేస్తాడు. ఎందుకని అడగడు, తిట్టడు. మా తాతల నాటి నుంచీ అంతే.

వంటింట్లో ఇద్దరే మిగిలారు. తాడు సగానికి పైగా గుచ్చడం అయింది. రెండువందల నలభై గాలాలు. తట్టలో చుట్టలు చుట్టలుగా, వరస వరసకీ మధ్య గడ్డి పరిచి, ఎర మీద ఎర. బుట్టలో ఆల్చిప్పలు ఈ తాడుకి సరిపోయేవే ఉన్నాయి. ఎనిమిది రోజుల గాలిలో రాళ్ళ మీదికి వెళ్ళి ఏరినవాళ్ళు లేరు.

"అమ్మా, ఈ ఒక్కటీ మీరు చెప్పండి. చెప్పకపోతే స్కెల్‌విక్ ఎదురుగా ఖాళీ గడి ఉండిపోతుంది. ఈ ఊరికి మాటే లేదనుకుంటారు."

"ఆ వస్తువు అంటాం."

"అది చాటుపేరు. దాని వెనకున్న అసలు పేరు?"

"అది అనకూడదు మేష్టారూ."

"తెలుసు. ఆ నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. కానీ ఇక్కడ వినడానికి ఎవరున్నారు? నేను, మీరు, ఈ కాగితం. ఒక్కసారి." నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. ఆ ఐదు రోజుల్లో ఆమెను అంత మర్యాదగా ఏదైనా అడిగినవాడు అతనొక్కడే.

కెజయా వేళ్ళ మధ్య గాలం ఉంది, గాలానికి సగం ఎక్కిన ఎర ఉంది. ఆమె ఆ మాట అనేసింది.

అతను రాసుకున్నాడు. కాగితం తిప్పి చూపించాడు. ఈసారి ఆమె వంగి చూడలేదు. అతను చెయ్యి కలిపి, ఎజ్రా కోసం ఒక పొగాకు పొట్లం బల్ల మీద పెట్టి, బస్సుకి వెళ్ళిపోయాడు.

ఆమె తాడువైపు చూస్తూ కూర్చుంది. ఊడదీస్తే మళ్ళీ గుచ్చడానికి ఎర లేదు. పడవ దిగదు. ఎనిమిది రోజులకి తొమ్మిదోది. ఎందుకు దిగలేదో రూబెన్ అడగడు, నిజమే. కానీ ముసలాయనకి తెలిసిపోతుంది. ఆ పేజీ దగ్గర లేచి వెళ్ళినవాడు ఆయనే. తన బల్ల దగ్గర కూర్చోబెట్టి తిండి పెట్టిన మనిషికి కోడలు ఏం అమ్ముకుందో ఆయనకి చెప్పనక్కర్లేదు. అదీ గాక, చదువుకున్నవాడు నవ్వాడు. మాటే గదా. మాటకి చేతులుంటాయా?

ఆమె మిగిలిన గాలాలు గుచ్చింది.

మర్నాడు వెలుగు రాగానే రూబెన్ బూట్లు తొడుక్కున్నాడు. వీధిలో నుంచి జేబెజ్ కేకేశాడు, "అన్నా, ముసిలోడిలాగ కదుల్తన్నావు, రా!"

"వత్తన్నానురా, సముద్రం ఎక్కడికీ పారిపోదు." రూబెన్ గడపలో ఆగి ఆమెవైపు తిరిగాడు. మొహం తేటగా ఉంది. "తాడు శుభ్రమేనా?"

ఆమె కెటిల్ పొయ్యి మీది నుంచి దించుతోంది.

"శుభ్రమే."

తట్ట ఎత్తుకున్నాడు. పక్కింటి గడపలో అంతకుముందే అదే ప్రశ్న, అదే జవాబు వినబడ్డాయి. అక్కడి జవాబు నిజం.

మధ్యాహ్నానికి గాలి లేకుండానే కెరటం లేచింది. ఎక్కడో దూరాన గాలివాన మిగిల్చినది. పడవలు ఒక్కొక్కటే రేవు నోట్లోంచి లోపలికి జారాయి. వాళ్ళది ఐదోది. ఊరంతా రాతి మెట్ల మీద నిలబడి చూస్తోంది. పడవ రేవు నోటి దగ్గరికి వచ్చింది, ఆగింది, కెరటాల మధ్య మంచి సందు కోసం చూస్తోందనుకున్నాం. వెనక నుంచి లేచిన కెరటం దాన్ని నిలువునా ఎత్తి తిరగేసింది. అరవడానికి కూడా వ్యవధి లేదు. జేబెజ్ మూడోరోజు దొరికాడు. రూబెన్ దొరకలేదు. వారం తర్వాత తాడు ఒడ్డుకి కొట్టుకొచ్చింది, ముద్దగా, నాచు పట్టి. తాడు పొడుగునా కెజయా గుచ్చిన ఎర చాలా గాలాలకి ఇంకా అలాగే ఉంది. అంటే సముద్రంలో వేసినా చేప ముట్టలేదు, వేసిన తాడు వేసినట్టే లాగి తెచ్చుకున్నారన్నమాట.

సముద్రానికి మనుషుల మాట వినబడదని పాస్టరు చెప్పాడు. ఆరోజు లోపలికి వచ్చిన నాలుగు పడవల తాళ్ళ సంగతి ఆయన ఎత్తలేదు.

ఎజ్రా ఆ తర్వాత పెద్దగా మాట్లాడలేదు. పొగాకు పొట్లం విప్పకుండానే పొయ్యిలో పడేశాడు. వేసవి చివర ఒకరోజు టీ గ్లాసు ముందు పెట్టుకుని అన్నాడు, "నానే సేసినానమ్మా. ఐదు రోజులు కూకోని ఊరి మాటలన్నీ పరాయోడి సంచిలో పోసినాను. మా నాన్న సెప్పీవోడు, సముద్రం మీద నోరు కట్టుకోవాలని. ఇద్దర్నీ నానే అమ్మేసినాను."

కెజయా నోరు తెరిచింది. ఆ క్షణం ఒక్క మాట చాలు, ముసలాయన భుజం మీది బరువు ఆమె మీదికి వచ్చేస్తుంది. ఆయన కళ్ళలోకి చూసింది. ఇంటి నుంచి పొమ్మంటాడని భయపడలేదట. క్షమిస్తాడేమోనని భయపడిందట.

"టీ సల్లారిపోతంది మామా," అంది.

నవంబరులో ఆయన పోయాడు, తానే చేశానన్న నమ్మకంతో.

ఇరవై ఏళ్ళు దాటాయి. ప్రార్థన మందిరం వెనక గదిలో, చదువు రాని పెద్దవాళ్ళకి బుధవారాలు పాఠం పెట్టారు. కెజయా వెళ్తానంది. తోడికోడలు, జేబెజ్ భార్య, నవ్వింది. "ఇప్పుడా? కాటికి కాళ్ళు సాపుకోని ఏటి సదుంతావక్కా?" అని. అని, తనూ వెళ్ళింది. ఒక్కతే ఇంట్లో కూర్చుని ఏం చేస్తుంది? ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, నాలుక బయటపెట్టి, పేర్లు రాశారు. చిన్నామెకి అది కాలక్షేపం. పెద్దామె ఆకలిగా చదివేది. రెండో ఏట పాఠం చెప్పే అమ్మాయిని అడిగింది, ఊళ్ళ మాటలన్నీ ఏరి అచ్చేసిన పుస్తకం ఉంటుందట, దొరుకుతుందా అని.

దొరికింది. విట్బీ పట్టణపు గ్రంథాలయంలో, బయటికి ఇవ్వని పుస్తకాల అరలో. ఇద్దరూ బస్సులో వెళ్ళారు. ఇటుకంత లావు పుస్తకం. కెజయా ముందు తన మాట వెతికింది, స్కేనింగ్. లేదు. అందరినీ అడిగిన ప్రశ్నలకే అందులో చోటుంది, అడగకుండా వచ్చినవాటికి లేదు. తర్వాత జంతువుల పేజీ తీసింది. వేలు పెట్టి, ఊరి తర్వాత ఊరు, పైనుంచి కిందికి దిగింది. ఉత్తరాన స్కాట్లండు సరిహద్దు నుంచి కార్న్‌వాల్ కొస వరకూ ఒకటే మాట. సందుకి ఇరవై పేర్లున్న దేశంలో ఆ జంతువుకి అక్కడ ఒకటే పేరు. స్కెల్‌విక్ ఎదురుగానూ అదే. ఆమె చెప్పకపోయినా ఎవరైనా ఊహించి నింపగలిగేది. 'ఆ వస్తువు' మాత్రం ఎక్కడా లేదు. మాకంటూ ఉన్నది అదొక్కటే.

ఆమె పుస్తకం మూసి చాలాసేపు దాని అట్ట మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

బస్సు దిగాక, ఊళ్ళోకి దిగే జినెల్‌లో, గోడ పట్టుకుని ఆగింది.

"సెల్లీ, ఆరోజు మేష్టారుకి ఆ పేరు నానే సెప్పినాను. తాడు మీద కూకోని సెప్పినాను. రూబెన్ అడిగితే అబద్ధమాడినాను. మామకీ సెప్పలేదు."

తోడికోడలు ఇద్దరి సంచులూ ఒక చేతిలోకి మార్చుకుంది. కింద రేవులో అలలు రాళ్ళని దొర్లిస్తున్న చప్పుడు. జేబెజ్ ఆ పొద్దున వీధిలో వేసిన కేక ఆమె చెవుల్లో ఉంది, ఇరవై ఏళ్ళూ ఉంది. మగవాడు గడపలో నిలబడి అడిగినట్టు, గట్టిగా అడిగింది.

"తాడు శుభ్రమేనా?"

"కాదు," అంది కెజయా. "శుభ్రం కాదు."

తోడికోడలు చేతిలో ఉన్న ఇద్దరి సంచుల్లో కెజయాది గోడవార దించింది. తన ఒక్కదాని సంచే పట్టుకుని మెట్లు దిగిపోయింది. బుధవారం పాఠాలకి ఒక్కతే వెళ్ళింది. ఆరేళ్ళ తర్వాత, కెజయా ఇక మంచం దిగదని డాక్టరు చెప్పినరోజున, గోడ అవతలి నుంచి సూప్ గిన్నె పట్టుకుని వెళ్ళింది.

థర్జా ఆగర్, జేబెజ్ భార్యను. వయసు డెబ్బై మూడు. ఇప్పుడు విట్బీలో, సముద్రం కనబడని వీధిలో ఉంటున్నాను.