బహుమతిగా వచ్చిన నీళ్ళు

ఏడాది పొడుగునా ఒక్క ప్రమాదమూ జరగనందుకు కంపెనీ గజేందర్ గ్యాంగుకు బహుమతి ప్రకటించింది. శుక్రవారం పొద్దున దోహాలో కొత్తగా కట్టిన నీళ్ళ పార్కుకు బస్సు. పైకప్పు కింద ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు, ఏసీ గాలి, చల్లని నీటి కాలువ. లేబర్ క్యాంపులో కుళాయి తిప్పితే చెయ్యి కాలే నీళ్ళు వచ్చే ఎండల్లో మనిషికి అంతకంటే ఏం ఆశ చూపాలి? అందరికంటే ఎక్కువ ఆశపడ్డవాడు జలంధర్, గజేందర్ చెల్లెలు మమత భర్త. ఆ నీళ్ళు వీడియోలో చూపిస్తానని పెళ్ళానికి మాటిచ్చి, వారం నుంచీ అదే ముచ్చట.

గురువారం రాస్ లఫాన్ సైటులో ఇనుప చువ్వలు మోస్తూ జలంధర్ కూలబడ్డాడు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, చెమట చుక్క లేదు, మాట తడబడుతోంది. క్లినిక్కుకు పోదామని గజేందర్ లేచాడు. పోతే పేరు రాసుకుంటారు, పేరు రాసుకుంటే అది ప్రమాదం కింద జమ, ప్రైజు గోవిందా. ఈ సంగతి గ్యాంగులో ప్రతివాడికీ తెలుసు. అందుకే ఫోర్‌మన్ కంట పడకుండా చుట్టూ అడ్డంగా నిలబడ్డారు. వాళ్ళలో ఒక్కడూ చెడ్డవాడు కాడు, అదే బాధ.

జలంధర్ గజేందర్ చెయ్యి పట్టుకున్నాడు. "నా పేరు చెప్పకు బావా. నా ఒక్కని కోసం అందరి సంబురం ఖరాబ్ చెయ్యకు."

క్యాంపుకు చేర్చాక గజేందర్ తనకు తెలిసిన వైద్యమంతా చేశాడు. ఊళ్ళో వడదెబ్బకు చేసినట్టే ఉల్లిగడ్డ దంచి అరికాళ్ళకు రుద్దాడు, లబన్ మజ్జిగలో ఉప్పు కలిపి తాగించాడు. జలంధర్ సగం కక్కేశాడు. తెల్లారేసరికి ఒంటి వేడి తగ్గినట్టే అనిపించింది. అలా అనిపించాలని గజేందర్ అంతగా కోరుకున్నాడు మరి.

బస్సెక్కే ముందు సేఫ్టీ ఆఫీసరు నిత్యానందం, రాజమండ్రి వైపు మనిషి, ఎవరికైనా ఒంట్లో నలతగా ఉంటే చెప్పమన్నాడు. అందరూ తలలు అడ్డంగా ఊపారు. జలంధర్ నవ్వడానికి ప్రయత్నించాడు. చల్లటి నీళ్ళలో పడితే మిగిలిన వేడంతా గుంజేస్తుందని గజేందర్ తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఆ తెలివి తగలెయ్య.

పార్కులో అడుగుపెట్టగానే మీసాలున్న మగవాళ్ళంతా పిల్లలైపోయారు. జలంధర్ మాత్రం జారుడుబండల జోలికి పోలేదు. గాలి ట్యూబులో వెల్లకిలా పడుకుని, హాలు చుట్టూ మెల్లగా తిరిగే కాలువలో వెళ్ళిపోసాగాడు. దగ్గరికి వచ్చినప్పుడు ఎట్లుందని గజేందర్ అడిగితే, మంచిగున్నదన్నాడు కళ్ళు తెరవకుండానే. గజేందర్ గుండెల మీది బరువు దిగింది.

ఇంకో చుట్టు తిరిగి వచ్చేసరికి నిద్రపోతున్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది, ఒక చెయ్యి నీళ్ళలో వేలాడుతోంది. క్యాంపు మంచం మీద అలాంటి నిద్ర ఎవడికి దొరికింది కనుక? గజేందర్ ఫోన్ తీసి వీడియో పట్టి చెల్లెలికి పంపాడు. జలంధర్ ఇచ్చిన మాట తాను నిలబెట్టినందుకు సంతోషపడి, తానూ పోయి జారుడుబండ ఎక్కాడు.

కిందికి జారి నీళ్ళలోంచి తల ఎత్తేసరికి ఈలలు. లైఫ్‌గార్డులు జలంధర్‌ను గట్టు మీద పడుకోబెట్టి ఛాతీ మీద నొక్కుతున్నారు. అంబులెన్సు వాళ్ళు వచ్చారు, చాలాసేపు చూశారు, చివరికి దుప్పటి కప్పారు. గజేందర్ నిన్నటి సంగతంతా కక్కేశాడు.

బస్సులో వెంట వచ్చిన నిత్యానందం అతని పక్కనే తడి నేల మీద చతికిలబడ్డాడు. "నిన్ననే చెప్పి ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్ళేవాణ్ణి కదయ్యా," అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నిజమైనవే. ఇంతలో పైనుంచి ఫోనొచ్చింది. సెలవు రోజు జరిగింది కాబట్టి సైటు రికార్డుకేమీ కాదని ఆయన అదే గొంతుతో వాళ్ళకు చెప్పాడు.

గజేందర్ చేతిలో ఫోన్ మోగింది. వీడియో చూసి మమత పంపిన వాయిస్ మెసేజ్. వినకుండా ఉండలేక నొక్కాడు. వెనక ఎక్కడో బిందెల చప్పుడు, చెల్లెలి నవ్వు.

"ఎన్ని దినాలకు ఇంత మంచిగ పండుకున్నడో అన్నా. ఎవ్వరు లేపకుండ్రి."