సోంబరు చెవిలో తేనెటీగలు

పెదబయలుకి ఎగువన ఒక ఊరుంది. పొద్దెక్కేదాకా మబ్బులు అక్కడి ఇళ్ళ చూరుల మీదే పడుకుని ఉంటాయి. ఆ ఊళ్ళో సోంబరు తేనె దింపేవాడు. కొండ కొమ్మున బోర్లా పడుకుని, అంచు మీంచి తల వంచి, కళ్ళు మూసుకునేవాడు. కింద బండకు వేలాడే పట్టు పైనుంచి కంటికి కనపడదు, వినపడుతుంది. ఈగలు నిద్రలో ఊపిరి తీసినట్టు మూలుగుతుంటే దిగొచ్చు. ఆ మూలుగులో సన్నగా గుడ్డ చిరిగినట్టు మోత పుట్టిందంటే ఆరోజు దిగకూడదు. ఇది అతనికి ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు తండ్రి పక్కన పడుకుని విన్నాడు, అంతే.

తాడు మాత్రం భీమన్న పట్టాలి. భీమన్న అతని పెళ్ళాం నీలవేణికి తమ్ముడు. ఆ ఊళ్ళో కొండ దిగేవాడి తాడు బావమరిదే పడతాడు, సొంత అన్నదమ్ముడికి కూడా ఇవ్వరు. అన్నదమ్ముడికి భూమి మీద ఆశ పుట్టొచ్చు గాని, అక్క ముండమొయ్యాలని ఏ తమ్ముడు కోరుకుంటాడని వాళ్ళ నమ్మకం. బావమరిది తాడు పట్టనన్నాడంటే ఇక ఆ మనిషి తేనె దింపడం అయిపోయినట్టే.

రెండో ప్రపంచ యుద్ధం ఆగిన ఎనిమిదేళ్ళకు ఆ కొండల్లోకి రోడ్డు పని వచ్చింది. బండలకు బెజ్జాలు పెట్టి, మందు కూరి పేల్చేవారు. సోంబరు కూడా ఆ పనికి వెళ్ళాడు. ఒకనాడు మనుషులు దూరం పోకముందే ఒక బెజ్జం పేలింది. సోంబరు ఒంటి మీద గీత కూడా పడలేదు. లోకానికి మాత్రం దూది కూరినట్టయింది. మేస్త్రీ నోరు కదులుతోంది, మాట లేదు. సాయంత్రానికి మాటలు తిరిగొచ్చాయి. వాటి వెనకాలే జుమ్మని ఇంకొకటి కూడా వచ్చింది.

సోంబరు మొదట సంతోషించాడు. ఈగలు దిగాయనుకున్నాడు. ఇంటి వెనక పనసచెట్టు కింద నిలబడి కొమ్మ కొమ్మా వెతికాడు. మోత పెరగలేదు, తగ్గలేదు. ఇంట్లోకి వస్తే అదీ ఇంట్లోకి వచ్చింది.

"ఏటయ్యా, సూరు కేసి అలగ సూత్తన్నావు?" అంది నీలవేణి.

"ఈగలు. నీకు ఇనపడతన్నేదా?"

నీలవేణి గరిటె ఆపి చెవి ఒగ్గింది. "నాకు అంబలి ఉడుకు ఇనపడతంది," అంది.

చైత్రంలో అసలు సంగతి బయటపడింది. ఏనుగురాయి అనే బండ కొమ్మున పడుకుని సోంబరు, "ఉన్నాయి, నెమ్మదిగా ఉన్నాయి," అన్నాడు. భీమన్న తాడు పట్టి అతన్ని కిందికి దింపాడు. సోంబరు దిగి చూస్తే బండకు ఎండిపోయిన పాత మైనం తప్ప ఏమీ లేదు. బోడి రాయి ఎదురుగా గాలిలో ఊగుతూ అతను చాలాసేపు ఉండిపోయాడు. మోత మాత్రం అక్కడే ఉంది.

పైకొచ్చాక భీమన్న ముందు నవ్వాడు. తర్వాత తాడు చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు.

"నీ సెవిలో ఈగలకి నాను తాడు పట్టనేను బావా. ఇయ్యాల నేని ఈగలు ఉన్నాయన్నావు. రేపు ఈగలకి కోపమున్నా నేదంటావు. అక్కకి నానేటి సెప్పీది?"

సోంబరు ఇంటికొచ్చి తనకు తెలిసిన విద్యే చేశాడు. ఈగల్ని తోలేది పొగ. పచ్చాకు రాజేసి, సన్నపు వెదురు గొట్టంతో చెవిలోకి పొగ ఊదమని పెళ్ళాన్ని కూర్చోబెట్టాడు. నీలవేణి బుగ్గలు పూరించి ఊదింది. ఇద్దరికీ కళ్ళ నీళ్ళు కారాయి.

"పోనాయా?"

"నేదు."

"ఐతే రాణి లోపలే ఉండిపోనాదేమో," అని ఆమె మళ్ళీ ఊదింది. చెవి బొబ్బలెక్కింది.

ఆ తర్వాత సోంబరు మనుషుల్లోకి రావడం తగ్గించాడు. అలికిడి లేని మిట్ట మీద కూర్చుని పొద్దస్తమానం దాన్నే వినేవాడు. ఎప్పుడు ఆగుతుందో, ఆగితే ఆ క్షణం తప్పిపోకూడదని. నిద్ర పోయింది. వలిసె పూలు కొండలన్నీ పచ్చగా పూసి రాలిపోయినా అతను చూసినట్టు లేదు.

చివరికి ఒక సంతరోజు నీలవేణి అతన్ని చెయ్యి పట్టుకుని పెదబయలు తీసుకెళ్ళింది. అక్కడ రేకుల షెడ్డులో జ్వరాలకు మందులిచ్చే కాంపౌండరు సన్యాసిరావు ఉన్నాడు. మైదానం మనిషి. ఎవరు మాట్లాడినా తల కొంచెం ఎడమకు తిప్పి వింటాడు. బ్యాటరీ లైటు వేసి సోంబరు చెవిలోకి చూశాడు.

"ఏటోయ్, ఇందులో మసేటి?"

"పొగెట్టినాం బాబూ. ఈగలు పోతాయని."

సన్యాసిరావు నవ్వలేదు. లైటు ఆపేశాడు. "నాది రైలింజను," అన్నాడు.

"బాబూ?"

"యుద్ధంలో బర్మా కాడ నా పక్కనే గుండు పడింది. ఆవేళ నా సెవిలో ఇంజను ఆవిరి వదలడం మొదలెట్టింది. పదేళ్ళయింది, ఇంకా టేషను వదల్లేదు."

"మందు నేదా బాబూ?"

"ఉంటే ముందు నేనే మింగేద్దును కదా. ఇందులో ఈగా లేదు, దెయ్యమూ లేదు. ఆ పేలుడికి లోపల సున్నితమైంది ఏదో నలిగింది. బైట నుంచి రావలసిన సప్పుడు సగం రాటం లేదు. ఆ లోటు నీ బుర్రే పూడుస్తంది, ఎవరూ అడక్కండానే."

"పోదా మరి?"

"పోకపోవచ్చు. సిన్నదవుద్ది, నువ్వు కాపలా కాయడం మానేస్తే. పొద్దల్లా దాని కాడే కూకుంటే అది పెద్దమనిషిననుకుంటది. సప్పుడు లేని కాడ కూకోకు. పారే గెడ్డ పక్కన పడుకో. మందు పేల్చే కాడికి మళ్ళీ పోకు. పుల్లా, నూనే, పొగా ఏదీ సెవిలో ఎట్టకు."

సోంబరు నేల చూశాడు. "బావమరిది తాడు పట్టనంటన్నాడు బాబూ. ఏది ఈగో, ఏది కాదో నాకు తెలట్లేదు."

సన్యాసిరావు లైటు పక్కన పెట్టాడు. "రెండు సేతులతో సెవులు మూసుకో."

సోంబరు మూసుకున్నాడు. సంత రొద దూరమైంది. జుమ్మనే మోత దగ్గరికొచ్చింది. చేతులు తీశాడు. సంత తిరిగొచ్చింది.

"మూస్తే పెరిగేది నీది," అన్నాడు సన్యాసిరావు. "మూస్తే తగ్గేది బైటది."

దారి పొడుగునా సోంబరు చెవులు మూస్తూ తీస్తూ నడిచాడు. కాకిని మూసి చూశాడు. గాలిని, ఎద్దు మెడగంటని, నీలవేణి నవ్వుని మూసి చూశాడు. అన్నీ తగ్గాయి. ఒక్కటి మాత్రం పెరిగింది. దాన్ని అతను మొదటిసారి ముఖం గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాడు.

మంచం గెడ్డ ఒడ్డున పాకలోకి మార్చాడు. నీళ్ళు రాళ్ళ మీద పడుతూ ఏదో చెబుతుంటే ఈగలు వాటి సందుల్లో దూరి, కళ్ళు అరమోడ్పు పడే వేళకు ఏది నీరో ఏది ఈగో కలిసిపోయేది. ఒకసారి కలలో తన తల ఒక కొండ, చెవి ఒక గుహ, తండ్రి తాడు పట్టుకుని అందులోకి దిగుతున్నాడు. దిగి, "మంచి పట్టేరా," అన్నాడు. మెలకువ వచ్చేసరికి మంచు నీళ్ళ మీద నడిచిపోతోంది. ఆ నెలలన్నిటిలో మొదటిసారి తెల్లారేదాకా పడుకున్నాడు.

మళ్ళీ చైత్రం వచ్చింది. అక్క పోరు పడలేక భీమన్న తాడు తీశాడు. బావని నేరుగా ఏనుగురాయికే తీసుకెళ్ళాడు. ముందురోజు కింద లోయలోంచి చూసి వచ్చాడు. ఆ బండ ఈ ఏడు కూడా ఖాళీయే.

సోంబరు బోర్లా పడుకున్నాడు. జుమ్మంటోంది. చెవులు మూసుకున్నాడు. పెరిగింది. తీశాడు, మళ్ళీ మూశాడు.

"ఏటి బావా, కొండకి దణ్ణమెడతన్నావా?"

"ఇక్కడేటీ నేదు," అన్నాడు సోంబరు లేస్తూ. "ఉన్నది నా కాడే."

భీమన్న అతని ముఖంలోకి చూశాడు. తాడు భుజాన వేసుకుని ముందు నడిచాడు. రెండు కొమ్ములు దాటాక ఇంకో బండ అంచున సోంబరు పడుకున్నాడు. చేతులతో చెవులు మూయగానే మోత రెండుగా విడిపోయింది. ఒకటి దగ్గరికొచ్చింది. ఇంకొకటి, లావుది, నిదరపోతున్నది, కిందికి జారిపోయింది.

"ఉన్నాయి. నెమ్మదిగా ఉన్నాయి."

నిరుడు కూడా అదే మాట అన్నాడు. భీమన్న బావ నడుముకు తాడు కట్టి, ముడి మీద ముడి వేసి, మూడుసార్లు లాగి చూశాడు.

సోంబరు దిగాడు. బండ కింద నల్లగా, నిగనిగలాడుతూ మూడు పట్లు. పొగ అంటగానే ఈగలు లేచి అతని చుట్టూ కమ్ముకున్నాయి. వేలకు వేలు. కొండంతా ఒకటే మోత. ఆ మోత మధ్యలో అతను అలవాటుగా తనదాని కోసం వెతికాడు. దొరకలేదు. ఇంత చప్పుడులో తన చెవి లోపల ఎప్పటి నుంచో లేని చల్లటి నిశ్శబ్దం. బుట్ట నిండాక కూడా అతను గాలిలో అలా ఊగుతూ ఉన్నాడు.

పైనుంచి తాడు కదిలింది. ఒకసారి. మళ్ళీ.

అంచు మీదికి వచ్చేసరికి ఈగలు కిందే ఉండిపోయాయి, తనవి మాత్రం తనతో వచ్చాయి. భీమన్న బుట్ట అందుకున్నాడు. అతని అరచేతులు తాడు ఒరిపిడికి ఎర్రగా కమిలాయి.

"నాలుగుసార్లు లాగినాను బావా. నిదరోనావేటి?"

"కొంచెం," అన్నాడు సోంబరు.