గేటు దగ్గర ఆగిన ట్రాక్టరు

ఫిబ్రవరి 19, బుధవారం ఉదయం 10:40కి ఎఫ్రాయిం అడోనిస్ తన ట్రాక్టరును బోవెన్‌డాల్ తోట గేటు ముందు ఆపి ఇంజను కట్టేశాడు. ట్రాక్టరు వెనక, బరువులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ నుంచి తీసిన నిలువు చట్రం, రెండు ఫోర్కులు ఉన్నాయి. తోటలో అరవై నాలుగు బిన్నుల పియర్ పళ్ళు ఎండలో ఉన్నాయి. బిన్ను అంటే అడుగున ఫోర్కులు దూరే ప్యాలెట్ చట్రం ఉన్న చెక్క పెట్టె. నిండితే నాలుగు వందల కిలోలు. మనుషులు ఎత్తలేరు.

గేటు తీసింది గిడియన్ ఫోర్టైన్. ఆ తోటకు ఇరవై రెండేళ్ళుగా మేస్త్రీ. తోట ఫోర్క్‌లిఫ్ట్‌కు ముందురోజు సాయంత్రం నూనె పంపు పగిలింది. కొత్త పంపు కేప్ టౌన్ నుంచి తొమ్మిదికల్లా వస్తుందన్నారు. అది నమ్మి ఫోర్టైన్ కోత ఆపలేదు. తొమ్మిదిన్నరకు, పంపు శుక్రవారం గాని రాదని ఫోన్ వచ్చింది. కోతల వారం కావడంతో లోయలో మిగతా యంత్రాలేవీ ఖాళీగా లేవు. చివరికి ఎఫ్రాయింకు కబురు పెట్టాడు. యజమాని విదేశాల్లో ఉన్నాడు.

"ఆపావేం? లోపలికి రా," అన్నాడు ఫోర్టైన్.

"వస్తాను. ముందు ఒక మాట చెప్పు. నిరుడు మా పళ్ళు కోసిన శనివారం మీ ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కడుంది?"

కూలీలు అరవై మంది. పని ఆగిపోవడంతో గేటు పక్క నీడలో కూర్చున్నారు. మాటలు ఆపి ఇటు చూశారు.

ఎఫ్రాయిం, అతని అక్క డోర్కాస్, చర్చి మిషన్ వెలయించిన తమ ఊరి పొలంలో ఎకరంన్నర పియర్ వేశారు. నిరుటిది మొదటి కాపు. కోసింది ఈ కూలీల్లోని ఆడవాళ్ళే. వాళ్ళకు సెలవు కాబట్టి శనివారం పెట్టుకున్నారు. ఇరవై ఆరు బిన్నులు నిండాయి. శీతల గిడ్డంగి లారీకి ఎక్కించడానికి పన్నెండుకు ఫోర్క్‌లిఫ్ట్ పంపుతానని ఫోర్టైన్ మాటిచ్చాడు. పన్నెండున్నరకు గేరుబాక్సు పోయిందని కబురు పంపాడు. రెండింటికి ఎఫ్రాయిం చెరువు కట్ట ఎక్కి చూశాడు. ఆ ఫోర్క్‌లిఫ్ట్ ఫోర్టైన్ కూతురి పెళ్ళి పందిట్లోకి బెంచీలు మోస్తోంది. ఎఫ్రాయిం పొలానికి అది ఆదివారం సాయంత్రం ఆరింటికి వచ్చింది. గిడ్డంగివాళ్ళు పళ్ళు కోసి చూసి, ఎండకు లోపల పాడయ్యాయని అన్నిటినీ తక్కువ ధరకు రసం ఫ్యాక్టరీకి పంపారు.

అప్పటిదాకా ఎఫ్రాయిం అతన్ని ఊమ్ గిడియన్ అనేవాడు. ఆ ప్రాంతంలో పెద్దవాళ్ళను అలాగే పిలుస్తారు. ఆ ఆదివారం నుంచి ఉత్త ఫోర్టైన్ అని పిలవసాగాడు.

జూన్‌లో బోవెన్‌డాల్ కొత్త ఫోర్క్‌లిఫ్ట్ కొని, పాతదాన్ని పాత ఇనుముకు అమ్మింది. ఎఫ్రాయిం వూస్టర్ పట్నంలోని పాత ఇనుము దుకాణానికి వెళ్ళి చట్రం, గొలుసులు, ఎత్తే సిలిండర్లు, ఫోర్కులు కొన్నాడు. ఒక ఫోర్కు వంపు తిరిగే మడమ దగ్గర నాలుగు మిల్లీమీటర్లు అరిగి ఉంది. దాన్ని అక్కడే పడేసి, మరో యంత్రానిది వెతికి తెచ్చాడు.

ట్రాక్టరు వెనక బరువెత్తే రెండు ఇనుప చేతులకు, పైకడ్డీకి సరిపడేలా మందపు రేకుతో చట్రానికి మూడు చెవులు అతికించాడు. చేతులు ఊగకుండా గొలుసుల బదులు ఇనుప కడ్డీలు బిగించాడు. చట్రాన్ని పూర్తిగా లేపడానికి ట్రాక్టరులో ఉన్న నూనె చాలలేదు. మడ్‌గార్డు మీద ఇరవై లీటర్ల ట్యాంకు అదనంగా పెట్టాడు.

ఆగస్టులో ఒక బిన్ను నిండా రాళ్ళు పోసి ఎత్తాడు. బిన్ను లేవలేదు. ట్రాక్టరు ముందు చక్రాలు లేచాయి.

"కుక్కలా కూర్చుందిరా," అంది డోర్కాస్.

ముందు బరువు కావాలి. పాత ఫోర్క్‌లిఫ్ట్ వెనక ఉండే పోత ఇనుప దిమ్మను ఫోర్టైన్ అమ్మనివ్వలేదు. తోట గేటు గాలికి కొట్టుకోకుండా దిమ్మను దానికి ఆనించి పెట్టాడు. ఎఫ్రాయిం వెళ్ళి అడిగాడు.

"అది నాకు అవసరం. మీ అక్కను ముందు కూర్చోబెట్టుకో, సరిపోతుంది," అన్నాడు ఫోర్టైన్.

డోర్కాస్‌కు ఈ మాట సాయంత్రానికి తెలిసింది.

"నేను తొంభై రెండు కిలోలు. నీకు కావాల్సింది ఆరు వందలు. వాడి పొగరు కూడా ఎక్కించు."

ఎఫ్రాయిం చెక్కలతో అచ్చు కట్టి, పాత రైలు పట్టా ముక్కలు పేర్చి కాంక్రీటు పోశాడు. దిమ్మ ఆరు వందల నలభై కిలోలు తూగింది. అక్టోబరు మొదటి వారంలో రాళ్ళ బిన్ను చట్రం చివరిదాకా లేచింది. ముందు చక్రాలు నేల వదల్లేదు. ఈ ఏడు తన పళ్ళను ఫిబ్రవరి రెండో వారంలో తనే ఎక్కించాడు. ఒక్క బిన్ను కూడా వెనక్కి రాలేదు.

ఆ ఏడాదిలో ఊరి చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం నాలుగుసార్లు జరిగింది. దానికి ముందు ఒక్కొక్కరూ పాస్టరు గదికి వెళ్ళి, తనకు ఎవరితోనూ వైరం లేదని చెప్పాలి. ఫోర్టైన్ నాలుగుసార్లూ వెళ్ళి చెప్పాడు. ఎఫ్రాయిం వెళ్ళలేదు.

"వెళ్ళి ఆ ఒక్క ముక్క చెప్పేసి రారాదూ?" అంది డోర్కాస్.

"అబద్ధం చెప్పడానికి అక్కడ ఒకడున్నాడు కదక్కా. ఇంకొకడెందుకు?"

బుధవారం గేటు దగ్గర ఫోర్టైన్ మొదట నవ్వాడు.

"ఏడాది కిందటి సంగతి ఇప్పుడెందుకు? గేరుబాక్సు పోయింది. చెప్పాను కదా."

"సరే." ఎఫ్రాయిం రొట్టె పొట్లం విప్పాడు.

"ఏమిటిది?"

"రొట్టె. తింటావా?"

ఫోర్టైన్ లోపలికి వెళ్ళి ఏడు తోటలకు మళ్ళీ ఫోన్ చేశాడు. ఎక్కడా యంత్రం దొరకలేదు. మనుషుల చేత గోనెలు తడిపించి బిన్నుల మీద కప్పించాడు. పదకొండున్నరకు ఎండ ముప్పై తొమ్మిది డిగ్రీలు. అతను తిరిగి గేటు దగ్గరకు వచ్చాడు. గొంతు తగ్గించి ఏదో అన్నాడు.

"నాకు వినపడింది. వాళ్ళకు వినపడలేదు," అన్నాడు ఎఫ్రాయిం.

"ఎఫ్రాయిం, నా ఉద్యోగం పోతుంది."

"గట్టిగా చెప్పు."

ఫోర్టైన్ కూలీల వైపు తిరిగాడు. "ఆ రోజు ఫోర్క్‌లిఫ్ట్ బాగానే ఉంది. మా అమ్మాయి పెళ్ళికి బెంచీలు మోయించాను. చాలా?"

"బెంచీలు ఎన్ని?" అని కూలీల్లోంచి ఎవరో అరిచారు. నవ్వులు లేచాయి. అందరూ నవ్వలేదు.

ఎఫ్రాయిం గడియారం చూసుకున్నాడు. పన్నెండయింది. ఇంజను తిప్పాడు. ఫోర్టైన్ గేటు రెండో రెక్క కూడా తెరిచాడు.

"మా పళ్ళు శనివారం పన్నెండు నుంచి ఆదివారం ఆరు దాకా ఎండలో ఉన్నాయి. ముప్పై గంటలు. రేపు సాయంత్రం ఆరింటికి వస్తాను," అని ఎఫ్రాయిం ట్రాక్టరు వెనక్కి తిప్పాడు.

సాయంత్రం డోర్కాస్ తమ్ముణ్ణి నిలదీసింది.

"అవి కోసింది మన ఆడవాళ్ళురా. పండు బాగుంటేనే వాళ్ళకు పైడబ్బు."

"నిరుడు మనవి కోసిందీ వాళ్ళే. అప్పుడు ఎవరూ ఫోర్టైన్‌ను అడగలేదు."

"నువ్వు అడిగావుగా. చెప్పాడుగా."

అతను ట్రాక్టరుకు నూనె పోయడానికి బయటికి వెళ్ళాడు.

గురువారం సరిగ్గా ఆరింటికి ఎఫ్రాయిం బోవెన్‌డాల్ గేటు దాటాడు. అరవై నాలుగు బిన్నులూ ఎక్కించడానికి మూడు గంటలు పట్టింది. ఒక్క పెట్టె చెక్క కూడా విరగలేదు. ఫోర్టైన్ లారీ పక్కన నిలబడి లెక్క రాసుకున్నాడు. శుక్రవారం ఉదయం గిడ్డంగివాళ్ళు ఆరు బిన్నుల్లోంచి పళ్ళు తీసి కోశారు. గింజ చుట్టూ గోధుమరంగు తిరిగింది. లారీ రసం ఫ్యాక్టరీకి వెళ్ళింది.

మర్నాడు ప్రభు భోజనం ఉండడంతో శనివారం నాలుగింటికి ఎఫ్రాయిం పాస్టరు గదికి వెళ్ళాడు. ఎవరితోనైనా వైరం ఉందా అని పాస్టరు అడిగాడు.

"ఉండేది. గురువారంతో తీరిపోయింది," అన్నాడు ఎఫ్రాయిం.

పాస్టరు పేరు రాసుకున్నాడు. ఆ రోజు జాబితాలో నూట పద్నాలుగు పేర్లు ఉన్నాయి. ఫోర్టైన్ పేరు లేదు.

ఆదివారం ఎఫ్రాయిం మూడో వరుసలో కూర్చుని రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నాడు. డోర్కాస్ ఈసారి పాస్టరు గదికీ, చర్చికీ వెళ్ళలేదు.